మన స్థలంలోని గుంతకు జవాబుదారీ ఎవరు?

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నీళ్లు పడని బోర్లు, వదిలేసిన క్వారీలు, కరెంటు కంచెలు, పాత బావుల గురించి ఈ మధ్య ఒకదాని వెంట ఒకటిగా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నవి కనుక వాటన్నిటికీ ఈసారి ఒకచోటనే సమాధానాలు ఇస్తున్నాను. ఉత్తరాలను క్లుప్తం చేసి, రాసినవారి పేర్లను, ఊళ్ల పేర్లను తొలగించాను.

ప్రశ్న: మాకు నాలుగెకరాల మెట్ట పొలం ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, పొలాన్ని మా ఊరివారికే కౌలుకు ఇచ్చాను. కౌలుదారు నాతో ముందే చెప్పి రెండు బోర్లు వేయించాడు. రెండింటిలోనూ నీళ్లు పడలేదు. బోరు బండి వాళ్లు కేసింగ్ పైపులు (బోరు గోడలు కూలకుండా దింపేవి) లాగి తీసుకుపోయారు. కౌలుదారు వాటి మీద ముళ్లకంప వేసి, చుట్టూ నాలుగు రాళ్లు పెట్టానని చెబుతున్నాడు. రేపు ఏదైనా జరిగితే నా మీదికి వస్తుందా? పట్టా నా పేరున ఉన్నా, బోర్లు వేయించింది ఆయన కదా?
(ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా)

జవాబు: మీ మీదికి వస్తుంది. కౌలుదారు మీదికీ, బోరు బండి యజమాని మీదికీ కూడా వస్తుంది. ముగ్గురిలో ఎవరి తప్పు ఎంత అన్నది కోర్టు తేలుస్తుంది గాని, పట్టా ఒకరిది, తవ్వించింది ఇంకొకరు, తవ్వింది మరొకరు అన్న కారణంతో ఎవరికీ బాధ్యత లేకుండా పోదు. చట్టం ముఖ్యంగా రెండు సంగతులు చూస్తుంది: ఆ స్థలం మీద అదుపు ఎవరి చేతిలో ఉంది, ప్రమాదం ఉందని ఎవరికి తెలుసు. కౌలుకు ఇచ్చినా ఆ భూమిలోకి వెళ్లి ఒక గుంతను పూడ్పించే అధికారం మీకు ఉంది. ఇక తెలియడం మాటకు వస్తే, మీరు రాసిన ఉత్తరమే రుజువు.

తెరిచి ఉంచిన బోర్లలో పసిపిల్లలు పడిపోతున్న ఘటనలపై సుప్రీంకోర్టు 2009లో కేసు చేపట్టి, 2010 ఫిబ్రవరి 11న దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 6న వాటిని సవరించింది. బోరు వేయడానికి కనీసం 15 రోజుల ముందు భూ యజమాని అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తవ్వే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. పని జరుగుతున్నంతసేపూ చుట్టూ ముళ్లతీగ కంచె గాని, మరో గట్టి అడ్డు గాని ఉండాలి. యజమాని చిరునామా, తవ్వినవారి చిరునామా రాసిన బోర్డు అక్కడ కనిపించాలి. నీళ్లు పడిన బోరు చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున, నేలకు 30 సెంటీమీటర్ల పైకి, 30 సెంటీమీటర్ల లోతుకు సిమెంటు దిమ్మె కట్టాలి. పైపు నోటికి ఇనుప పలకను వెల్డింగ్ చేయాలి, లేదా నట్లు బోల్టులతో గట్టి మూత బిగించాలి. మోటారు మరమ్మతు కోసం పైకి తీసినప్పుడు కూడా నోరు తెరిచి వదలకూడదు. నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లు, తవ్వినప్పుడు బయటపడిన రాతిపొడి వంటి వాటితో పూడ్చాలి. పూడ్చినట్టు సంబంధిత శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఇవి పాటిస్తున్నారో లేదో చూసే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది, గ్రామాల్లో పర్యవేక్షణ సర్పంచికి, వ్యవసాయ శాఖ అధికారికి అప్పగించారు. మన రెండు రాష్ట్రాల్లో దీనికి తోడు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం ఉంది. బావుల నమోదు, బోరు బండ్ల నమోదు దాని పరిధిలోనివే.

ఇన్ని ఆదేశాల తర్వాత కూడా జరిగినవి చూడండి. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడెంలో ఏడాదిన్నర పాప పొలంలోని బోరులో పడింది. రెండు రోజులకు పైగా తవ్వినా ప్రాణాలతో దక్కలేదు. అదే ఏడాది ఆగస్టులో వినుకొండ దగ్గరి ఉమ్మడివరంలో రెండేళ్ల బాబును రాత్రంతా శ్రమించి బతికించగలిగారు. 2020 మే నెలాఖరున మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు పడినది పాతబడిన బోరులో కాదు. అప్పుడే వేసి, నీళ్లు పడక, నోరు మూయకుండా వదిలిన బోరులో. ఆ బాబూ దక్కలేదు. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు పూడ్చుకుందాం అనుకునేవారు ఈ సంఘటనను మరచిపోకూడదు. బోరు బండి పొలం దాటి వెళ్లకముందే ఆ నోరు మూసి ఉండాలి.

కేసింగ్ తీసేసిన బోరు ఇంకా ప్రమాదకరం. కేసింగ్ దింపడానికి పైభాగాన్ని వెడల్పుగా తొలుస్తారు కనుక, పైపు లాగేశాక నేల దగ్గర నోరు పెద్దదై, వానలకు అంచులు కూలి ఇంకా పెరుగుతుంది. మీ కౌలుదారు వేసిన ముళ్లకంప ఎండి విరుగుతుంది, లేదా పొయ్యిలోకి ఎవరో ఎత్తుకుపోతారు. గోనెసంచిలో రాళ్లు నింపి నోట్లో కుక్కడం కూడా చాలాచోట్ల చూస్తున్నాం. ఆ సంచి చీకిపోయిన రోజున పైన గడ్డి మొలిచి, గుంత ఉన్నదనే ఆనవాలు కూడా మిగలదు.

ఖర్చు విషయం కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది దానికి భయపడే వాయిదా వేస్తున్నారు. ఆరున్నర అంగుళాల బోరు 300 అడుగుల లోతు ఉన్నా, దానిలో పట్టే మట్టి దాదాపు రెండు ఘనమీటర్లే. అంటే ఒక ట్రాక్టరు ట్రాలీ మట్టి చాలు. అయితే ట్రాలీని ఒక్కసారిగా కుమ్మరించకండి. మట్టి మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగిలిపోతుంది, ఒక పెద్ద వాన పడగానే పైమట్టి దిగిపోయి నోరు మళ్లీ తెరుచుకుంటుంది. పొడిగా, చిన్నగా ఉన్న మట్టిని కొద్దికొద్దిగా పోయించి, తొలి వానల తర్వాత ఒకసారి వెళ్లి చూసి, దిగినంత మేర మళ్లీ నింపించండి. పూడ్చక ముందు, పూడ్చిన తర్వాత తేదీతో ఫొటోలు తీయించి, పంచాయతీకి ఒక కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. కౌలు ఒప్పందం నోటిమాటగా ఉంటే, ఇకమీదట మీ రాతపూర్వక అనుమతి లేకుండా బోరు వేయకూడదనీ, విఫలమైతే అదే రోజు పూడ్చాలనీ కాగితం మీద పెట్టండి.

నేర బాధ్యత మాట కూడా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 106(1) సెక్షన్ కింద, నిర్లక్ష్యం వల్ల ఒకరి మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా జైలు, జరిమానా విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలోని 304ఏ కింద ఇది రెండేళ్లే ఉండేది. కోర్టులో మీ న్యాయవాది ఏ వాదన చేసినా, సుప్రీంకోర్టు చెప్పిన పని చేయలేదన్నది మీ నిర్లక్ష్యానికి మొదటి రుజువుగా ఎదుట నిలుస్తుంది.

ప్రశ్న: మా ఊరి బడికి వెళ్లే దారి పక్కనే పాత కంకర క్వారీ ఉంది. లీజు ముగిసి చాలాకాలమైంది. లోతైన గుంతలో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు అక్కడికే ఈతకు పోతున్నారు. లీజుదారును అడిగితే, ‘ప్రమాదం, లోనికి రావద్దు’ అని బోర్డు పెట్టాను, ఆపైన వచ్చినవారిదే పూచీ అంటున్నారు. కార్యాలయానికి వెళితే ఇంకో కార్యాలయం పేరు చెబుతున్నారు. మేము ఎక్కడికి వెళ్లాలి?
(ఒక గ్రామస్థుల బృందం, ప్రకాశం జిల్లా)

జవాబు: బోర్డు పెట్టడంతో ఆయన బాధ్యత తీరలేదు. చదవడం రానివారికి, చదివినా అపాయం అర్థం కాని వయసువారికి బోర్డు రక్షణ కాదు. ఈ విషయంలో ఇప్పటికీ న్యాయవాదులు ఉదహరించే పాత బ్రిటిష్ తీర్పు ఒకటుంది. గ్లాస్గో నగరపాలక సంస్థ నిర్వహించే ఉద్యానవనంలో, చూడటానికి నోరూరించే విషపు పండ్లున్న మొక్క ఒకటి పెరుగుతుండేది. ఏడేళ్ల బాలుడు ఆ పండ్లు తిని చనిపోయాడు. పిల్లలను ఆకర్షించే వస్తువును వాళ్లు వచ్చే చోట, ఏ అడ్డూ లేకుండా ఉంచినవారు, ‘ముట్టుకున్నది వాడే కదా’ అని తప్పించుకోలేరని 1922లో, అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) తీర్పునిచ్చింది. మే నెల ఎండలో పిల్లలకు నిండుగా నీళ్లున్న గుంత కంటే పెద్ద ఆకర్షణ ఏముంటుంది? మన దేశంలో ఇంగ్లండులో వలె స్థల యజమానుల బాధ్యతపై ప్రత్యేక చట్టం లేదు గాని, కోర్టులు ఇలాంటి సూత్రాలనే పౌర నష్టపరిహార కేసుల్లో అన్వయిస్తున్నాయి.

ఊరి చెరువులో ఈత నేర్చిన పిల్లలు క్వారీలో ఎందుకు చనిపోతున్నారో కూడా పెద్దలు తెలుసుకోవాలి. చెరువుకు వాలు ఉంటుంది, అడుగులో అడుగు వేస్తూ లోతు తెలుసుకోవచ్చు. క్వారీకి వాలు లేదు. గోడలా కోసిన రాతి అంచు దాటగానే కాలు అందదు. బయటికి రావడానికి పట్టు దొరకదు. నీటి కింద ఎక్కడ రాతి మెట్టు ఉందో పైనుంచి కనిపించదు, దూకినవాడి తల దానికి తగులుతుంది. ఒకడు మునుగుతుంటే పట్టుకోబోయి ఇద్దరు ముగ్గురు పోవడం ఇందువల్లే. మన రెండు రాష్ట్రాల్లో ఇది ఏ ఒక్క జిల్లాకో పరిమితమైన విషాదం కాదు.

క్వారీల అంచులకు భద్రమైన కంచె ఉండాలని, పని ఆపేసి వెళ్లిపోయేటప్పుడు ఆ తెరిచిన భాగాలను మూసి లేదా కంచె కట్టి వెళ్లాలని చెప్పే నిబంధనలు కొత్తవి కావు. బొగ్గు, చమురు కాని గనులకు వర్తించే 1961 నాటి మెటాలిఫెరస్ గనుల నియమావళిలోనే ఉన్నాయి. కనుక లీజు ముగిసింది అన్నది లీజుదారుకు తప్పించుకునే దారి కాదు, ముగిసే నాటికి చేయవలసిన పని ఆయన చేయలేదు అన్నదే అసలు మాట. అదే సమయంలో, భూమి ప్రభుత్వానిదైతే గనుల శాఖకు, రెవెన్యూ శాఖకు కూడా తమ భూమిని భద్రంగా ఉంచే బాధ్యత ఉంది.

మీరు వెళ్లవలసిన చోటు ఆర్డీఓ (రెవెన్యూ డివిజనల్ అధికారి) కార్యాలయం. ఆయన రెవెన్యూ అధికారి మాత్రమే కాదు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కూడా. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133) ప్రకారం, దారికి లేదా జనం మసలే చోటుకు ఆనుకుని ఉన్న చెరువు, బావి, తవ్విన గుంత వల్ల జనానికి అపాయం ఉంటే, దాని చుట్టూ కంచె కట్టించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. చట్టంలో బావి, తవ్విన గుంత అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. కనుక మీ అర్జీలో ఈ సెక్షన్ పేరు రాయండి. గుంత బడిదారి నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి రాయండి. ఫొటోలు, సర్వే నంబరు, గతంలో ఇచ్చిన అర్జీల నకళ్లు జతచేయండి. నోటీసు అందుకున్నవారు కంచె కట్టకపోతే, మేజిస్ట్రేటే ఆ పని చేయించి ఖర్చును వారి నుంచి రాబట్టవచ్చు. అపాయం వెంటనే ఉందని అనిపిస్తే, విచారణ ముగిసేలోపు తాత్కాలికంగా కంచె వేయించే వీలు కూడా ఉంది. బడి తెరిచే రోజులు, వేసవి సెలవుల రోజులు దగ్గరపడుతున్నాయని అర్జీలోనే రాయండి.

‘నిధులు లేవు’ అన్న జవాబు వస్తే వెనక్కి తగ్గకండి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లో సుప్రీంకోర్టు, జనం ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన చట్టబద్ధమైన విధిని డబ్బు లేదన్న సాకుతో ఎగవేయడానికి వీల్లేదని, 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అధికారం వాడవలసిన సందర్భంలో వాడి తీరాలని చెప్పింది. అప్పటికీ కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఈ లోపు పంచాయతీ, యువకులు కలిసి దారి వైపు తాత్కాలిక కంచె వేసుకుంటే, అది లీజుదారు బాధ్యతను తగ్గించదు, మీ హక్కును వదులుకున్నట్టూ కాదు. ఆ సందేహంతో ఆగవద్దు.

ప్రశ్న: మా మొక్కజొన్న చేనును అడవి పందులు నాశనం చేస్తున్నాయి. రాత్రిళ్లు మాత్రమే కంచె తీగకు కరెంటు పెట్టుకుంటే తప్పేమిటి? నా పొలంలోకి రాత్రిపూట వచ్చేవాడు దొంగ గాక ఎవరు? ఊరంతా దండోరా వేయించి చెబుతాను.
(ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: మీ పంట నష్టాన్ని తక్కువ చేయను. ఒక్క రాత్రిలో ఎకరం చేను నేలమట్టమైన రైతు బాధ ఏమిటో తెలుసు. కాని ఈ పని చేయకండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1963లోనే జవాబు చెప్పింది. బీహారులో ఒక వ్యక్తి తన మరుగుదొడ్డిని పొరుగువారు వాడుకోకుండా, దారిలో కరెంటు పారే, పైతొడుగు లేని తీగను అమర్చాడు. పొరుగింటి స్త్రీ ఆ తీగ తగిలి చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినవాళ్ల ప్రాణానికి తాను పూచీ కాదని అతను వాదించాడు. చెరూబిన్ గ్రెగరీ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో కోర్టు, అనుమతి లేకుండా లోనికి వచ్చిన మాత్రాన మనిషి చట్టరక్షణ కోల్పోడని, వచ్చినవారికి హాని చేసే ఉద్దేశంతో ఉచ్చు పన్నే హక్కు ఆస్తి యజమానికి లేదని చెప్పి శిక్షను ఖాయం చేసింది. కాలు జారి బావిలో పడేవాడి విషయంలో యజమాని నిర్లక్ష్యం గురించి మాట్లాడుతాం. కరెంటు తీగ విషయంలో యజమాని చేతులారా పెట్టిన ఉచ్చు గురించి మాట్లాడుతాం. అందుకే ఇలాంటి కేసుల్లో పోలీసులు నిర్లక్ష్యపు మరణం దగ్గర ఆగకుండా, ఇంకా బరువైన నరహత్య సెక్షన్ పెట్టడం కూడా ఉంది.

రాత్రి వచ్చేవాడు దొంగేనన్న మీ మాట పల్లె జీవితానికి సరిపడదు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి వెళ్లే పక్క చేను రైతు, తప్పిపోయిన గేదెను వెతికే కుర్రవాడు, బహిర్భూమికి వెళ్లే ఆడవాళ్లు, తీగకు కరెంటు ఉందని మరచిపోయిన మీ ఇంటివాళ్లు, ఇలా చనిపోయినవాళ్లలో ఎందరో వీళ్లే. దండోరా వేయించినా, ఆ రోజు ఊళ్లో లేనివాడికి అది చేరదు. పైగా లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకుంటే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది చౌర్యం. వన్యప్రాణి చనిపోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరుగా వర్తిస్తుంది.

పందులను ఆపడానికి చట్టం ఒప్పుకునే మార్గం సోలార్ కంచె. బ్యాటరీతో పనిచేసే దాని యంత్రం, తీగలోకి సెకనుకు ఒకసారి అన్నట్టు అతి స్వల్పకాలం మాత్రమే షాక్ పంపుతుంది. జంతువు అదిరి వెనక్కి పోతుంది. తగిలిన మనిషి చెయ్యి వెంటనే విడివడుతుంది. ఇంటి కరెంటు అలా కాదు, పట్టుకున్న చేతిని వదలనివ్వదు. కాబట్టి ప్రమాణాలకు తగ్గట్టు తయారైన యంత్రాన్నే కొనండి, దానికి ఇంటి కరెంటు నేరుగా కలిపే ప్రయోగం ఎవరు చెప్పినా చేయకండి. పంటనష్టం జరిగిన రోజునే ఫొటోలతో అటవీ శాఖకు, వ్యవసాయ అధికారికి అర్జీ ఇవ్వండి.

ప్రశ్న: మా పెరట్లో తాతగారి కాలం నాటి గిలక బావి ఉంది. ఎండిపోయింది. పూడిస్తే అరిష్టమని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. పైన బండలు పరిచి, దాని మీద రేకుల షెడ్డు వేసి పిల్లలకు ట్యూషన్లు చెబుదామని అనుకుంటున్నాను. సరేనా?
(ఒక ఉపాధ్యాయురాలు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: వద్దమ్మా. 2023 మార్చి 30న శ్రీరామనవమి నాడు ఇందోర్‌లోని ఒక గుడిలో జరిగింది ఇదే. పాత మెట్లబావిపై కప్పు వేసి, దాని మీదే జనాన్ని కూర్చోబెట్టారు. హోమం జరుగుతుండగా కప్పు కూలి 36 మంది చనిపోయారు. అడుగున ఎంత ఖాళీ ఉందో, కప్పు ఎంత బరువు మోస్తుందో పైన కూర్చున్నవారికి తెలియదు. మీ షెడ్డులో కూర్చునేది ఇతరుల పిల్లలు కనుక మీ బాధ్యత మామూలు ఇంటి యజమాని బాధ్యత కంటే ఎక్కువ.

పెద్దవాళ్ల మనసు నొప్పించకుండానే దారి ఉంది. బావిని బావిగానే ఉంచి, పిట్టగోడను పెద్దవాళ్ల నడుము ఎత్తుకు పెంచి, నోటి మీద తాళం వేసే ఇనుప గ్రిల్లు బిగించి, ఇంటి పైకప్పు వాననీటిని గొట్టంతో దానిలోకి మళ్లించండి. నీరు భూమిలోకి ఇంకే బావి అవుతుంది, అందరి కళ్లకూ కనిపిస్తూ ఉంటుంది. ట్యూషన్లు మరో మూల పెట్టుకోండి. ఎండిన బావిలో పూడిక తీయించాలనుకుంటే మాత్రం, మనిషిని నేరుగా దింపకండి. లోపల గాలి చాలక, దిగినవాడు, అతన్ని కాపాడటానికి దిగినవాడు కూడా పోతున్నారు. గాలి పరీక్ష చేయించి, పైకి లాగే తాడు నడుముకు కట్టి, పైన మనుషులుండగా అనుభవజ్ఞులతోనే చేయించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. విజయవాడ శివారులోని నా స్థలాన్ని అపార్ట్‌మెంట్ కోసం బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇచ్చాను. సెల్లారు తవ్వి పని ఆపేశాడు. గుంత నిండా వాన నీళ్లు. ఏ ప్రమాదం జరిగినా బిల్డరే భరించాలని ఒప్పందంలో ఉంది. నాకు రక్షణ ఉన్నట్టేనా?
(ఒక ప్రవాస పాఠకుడు)

జవాబు: ఆ షరతు మీకూ బిల్డరుకూ మధ్యనే చెల్లుతుంది. గుంతలో పడినవారికి, కూలిన పక్కింటి ప్రహరీ యజమానికి ఆ ఒప్పందంతో సంబంధం లేదు. వారు మీ ఇద్దరి మీదా దావా వేయవచ్చు. మీరు చెల్లించవలసి వస్తే ఆ తర్వాత బిల్డరు దగ్గర రాబట్టుకోవచ్చు, అంతే.

రోడ్డు పక్కన ఆస్తి ఉన్న యజమాని ఎంత జాగ్రత్తగా ఉండాలో ఢిల్లీ గడియార స్తంభం కేసు చెబుతుంది. చాందినీ చౌక్‌లోని మునిసిపల్ స్తంభం 1951లో కూలి, ముగ్గురు చనిపోగా, ఆ కుటుంబాలు దావాలు వేశాయి. 80 ఏళ్ల నాటి కట్టడం అది. అందులో వాడిన సున్నం మన్నికను బట్టి దాని ఆయుష్షు 40 నుంచి 45 ఏళ్లేనని తేలింది. జనం నడిచే దారి పక్కన ఆస్తి ఉన్నవారు, కంటికి కనిపించే లోపానికే కాదు, తనిఖీ చేస్తే బయటపడే దాగిన లోపానికి కూడా బాధ్యులేనని 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీరు అమెరికాలో ఉన్నారన్నది తనిఖీ చేయకపోవడానికి కారణం కాబోదు. వెంటనే ఇక్కడున్న బంధువుకో, న్యాయవాదికో అధికారపత్రం ఇచ్చి, నీళ్లు తోడించి, చుట్టూ రేకులతో గట్టి కంచె కట్టించి, రాత్రి దీపం, కాపలా ఏర్పాటు చేయండి. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుతో పక్క ఇళ్ల పునాదులను చూపించండి. ఖర్చుల రసీదులన్నీ దాచి, బిల్డరుకు లీగల్ నోటీసు పంపండి. నగరపాలక సంస్థకు మీరే ముందుగా రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

ప్రశ్న: మా ఆయన రాత్రిపూట బండి మీద వస్తూ, రోడ్డు పక్కనే పిట్టగోడ లేని వ్యవసాయ బావిలో పడి చనిపోయారు. ఏడాదిన్నర అవుతోంది. బావి యజమాని, ‘ఆయన తాగి ఉన్నాడేమో, వేగంగా వచ్చాడేమో’ అంటున్నారు. పెద్దమనుషులు కొద్ది డబ్బు ఇప్పించి సర్దుకోమంటున్నారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. కోర్టుకు వెళ్లే స్తోమత లేదు.
(ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా)

జవాబు: అమ్మా, మీకు మిగిలిన సమయం ఆరు నెలలే. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నష్టపరిహారం కోరవచ్చు గాని, మరణించిన రోజు నుంచి రెండేళ్లలోపు దావా వేయాలి. కనుక పెద్దమనుషుల పంచాయితీ మరో వాయిదా పడేలోపు మీరు దావాకు సిద్ధం కావాలి. రాజీ మాటలు ఆ తర్వాత కూడా మాట్లాడుకోవచ్చు.

రోడ్డు పక్క బావుల విషాదం మీ జిల్లాకు కొత్త కాదు. 2018 మార్చిలో మెండోరాలో ప్రయాణికులతో వెళుతున్న ఆటో రోడ్డు పక్క బావిలో పడి, పిల్లలు సహా పలువురు చనిపోయారు. దారికి ఆనుకుని పిట్టగోడ లేని బావిని ఉంచుకోవడం నిర్లక్ష్యమని నిరూపించడం కష్టం కాదు. మీ ఆయన వేగంగా వచ్చారన్నది నిజమని తేలినా, సాధారణంగా ఆ మేరకు పరిహారం తగ్గుతుందే గాని దావా పూర్తిగా పోదు. తాగి ఉన్నారేమో అన్న ఊహకు విలువ లేదు. పోస్టుమార్టం నివేదికలో ఏముందో అదే ముఖ్యం. రోడ్డు మలుపులో అడ్డుగోడ గాని, హెచ్చరిక గాని లేకపోతే రోడ్డు నిర్వహించే శాఖను కూడా ప్రతివాదిగా చేర్చమని మీ న్యాయవాదిని అడగండి. ప్రభుత్వ శాఖ మీద దావాకు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి కనుక, ఆ పని ఈ వారంలోనే జరగాలి.

పరిహారం లెక్క మీ ఆయన సంపాదన, వయసు, మీరు ఎంతమంది ఆధారపడ్డారు అన్నవాటిపై నడుస్తుంది. కూలి పని అయినా, రోజుకు ఎంత వచ్చేదో చెప్పగల సాక్షులు, బ్యాంకు పుస్తకం, ఉపాధి హామీ కార్డు వంటివి పనికొస్తాయి. పెద్దమనుషులు ఇప్పించే డబ్బుకు ‘ఇక నాకు ఏ హక్కూ లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం చేయకండి.

ఇక స్తోమత సంగతి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. న్యాయవాది ఫీజు మాత్రమే కాదు, కోర్టు ఫీజు కూడా వారే భరిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, ఆధార్, బావి ఇప్పుడు ఎలా ఉందో చూపే ఫొటోలు తీసుకుని వెళ్లండి. ఫొటోలు మాత్రం ముందుగానే తీయించండి, దావా సంగతి తెలిసిన వెంటనే బావి చుట్టూ గోడ లేచిపోవచ్చు.